మట్టి సాక్ష్యం లేని నాణెం

హిమాయత్ సాగర్ గట్టు మీద నిలబడితే ఒక పక్క ఈసీ నది నీళ్లు, మరో పక్క ఆకాశంలో శంషాబాద్ విమానాశ్రయానికి దిగుతున్న విమానాలు. 1908 నాటి మూసీ వరద తర్వాత హైదరాబాదును కాపాడుకోవడానికి కట్టిన రెండు జలాశయాల్లో ఇది రెండోది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1927లో పూర్తయింది. ఆయన పెద్ద కొడుకు హిమాయత్ అలీఖాన్ పేరే దీనికి పెట్టారు. ఈ గట్టుకు రాళ్లు మోసిన కూలీల లెక్కలు నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాలోనే జరిగి ఉండాలి. బ్రిటిష్ పాలన కాలంలో సొంత నాణెం చెలామణి చేసుకున్న పెద్ద సంస్థానం హైదరాబాదు. ఆ నాణెం మీద రాజు ముఖం ఉండదు, చార్మినార్ ఉంటుంది.

ఆ చార్మినార్ వెండి రూపాయి ఇప్పటికీ పాతబస్తీ పేవ్‌మెంట్ల మీద, ఆదివారం అబిడ్స్‌లో, అమ్మమ్మల ఇనప్పెట్టెల్లో కనిపిస్తుంది. నకళ్లు కూడా దాని పక్కనే ఉంటాయి. పాత నాణెం అసలుదో కాదో పోల్చుకోవడం నేర్చుకోదలచిన వారు నేరుగా శాతవాహనుల దగ్గరికి వెళ్లకుండా ఈ రూపాయితో మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. దీని గురించి మనకు తెలియనిది చాలా తక్కువ. తెలిసిన నాణెం మీద కన్ను కుదిరితేనే తెలియని నాణెం ముందు కూర్చోగలం.

ముందు రాత చూడాలి. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక అరబీ అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెమైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ కాలానిదైతే ‘ఐన్’. ఆ ఐన్ కూడా కొన్ని అచ్చుల్లో పొట్టిగా, కొన్నిటిలో నిండుగా ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ 1911లో, అంటే హిజ్రీ 1329లో కన్నుమూశారు. కాబట్టి ద్వారంలో మీమ్ ఉండి, కింద 1335 అని తేదీ ఉంటే ఇక తక్కెడ తీయనక్కరలేదు. రెండో వైపు ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అనే టంకశాల పేరు, నిజాం గద్దెనెక్కి ఎన్నో ఏడో చెప్పే జులూస్ సంవత్సరం ఉంటాయి. హిజ్రీ తేదీకీ జులూస్ ఏటికీ ఒక ఏడాది అటూ ఇటుగా లెక్క కుదరాలి. పర్షియన్ లిపి చదవలేని వాడు నకలు తయారు చేస్తే తప్పు ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. రెండు వేర్వేరు నాణేల బొమ్మా బొరుసూ కలిపి ఒక అచ్చు చేసేస్తాడు. అందుకని అంకెల వరకైనా ఆ లిపి నేర్చుకోమని ఆసక్తి ఉన్న పిల్లలకు చెబుతుంటాను. పది అంకెలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

తర్వాత బరువు. ఈ రూపాయి 11.178 గ్రాములు, వెయ్యి పాళ్లలో 818 పాళ్లు వెండి. అదే కాలపు బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, 917 పాళ్లు. చేతులు మారి మారి అరిగిన నాణెం కాస్త తేలిక కావడం సహజం. అరిగినట్టు కనిపిస్తూనే ఉండాల్సిన దానికంటే ఎక్కువ తూగితే మాత్రం అనుమానించాలి. అరుగుదల బరువును పెంచదు.

బరువు ఒక్కటే చాలదు. మందం కాస్త పెంచి, లోపల వేరే లోహం పెట్టి, పైన వెండి పూత పూసి ఆ 11 గ్రాములు సరిచేయవచ్చు. అప్పుడు నీళ్లు కావాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గిన్నెకు తగలకుండా నీళ్లలో వేలాడదీసి తూచాలి. 818 పాళ్ల వెండి, మిగిలింది రాగి అయితే సాంద్రత సుమారు 10.2 వస్తుంది. కాబట్టి మన రూపాయి నీళ్లలో 1.1 గ్రాముల దాకా తేలికవుతుంది. అంతే బరువున్న జర్మన్ సిల్వర్ బిళ్ల దాదాపు 1.3 గ్రాములు తేలికవుతుంది. ఆ పావు గ్రాము లోపు తేడాను పట్టడానికి బంగారం దుకాణంలో ఉండే మామూలు ఎలక్ట్రానిక్ కాటా సరిపోతుంది. నాణేన్ని గీకనక్కరలేదు, కాల్చనక్కరలేదు. గీటురాయి మీద గీయడం బంగారు గొలుసుకు చెల్లుతుంది గానీ చరిత్ర ఉన్న నాణెం మీద అది గాయం. బంగారంతో ఇంకో చిక్కుంది. టంగ్‌స్టన్ సాంద్రత కూడా బంగారంలాగే 19.3 దగ్గర ఉంటుంది. లోపల ఆ లోహం పెట్టి పైన బంగారం తొడిగితే నీళ్లు కూడా పోల్చలేవు.

ఇక్కడి నుంచి కంటి పని. అచ్చుదిమ్మల మధ్య బిళ్ల పెట్టి సుత్తితోనో యంత్రంతోనో కొట్టిన నాణెంలో లోహం ఒత్తిడికి పక్కలకు జరుగుతుంది. భూతద్దం కింద అక్షరాల చుట్టూ, అంచు వైపుకు సన్నని చారలు కనిపిస్తాయి. అక్షరాల గోడలు నిటారుగా లేస్తాయి. సుత్తి దెబ్బకు బిళ్ల అంచు అక్కడక్కడ చీలుతుంది. పోత నకలులో ఇవి ఉండవు. అసలు నాణేన్ని మెత్తని మట్టిలోనో రబ్బరులోనో అద్ది, ఆ గుంటలో లోహం పోస్తారు. లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలు కంటే కొంచెం చిన్నదవుతుంది. గాలి బుడగలు చిక్కుకున్న చోట సూదిమొన గుంటలు పడతాయి. బొమ్మ అంతా మెత్తబడి, సబ్బు మీద చెక్కినట్టు ఉంటుంది. రెండు సగాల మూస కలిసిన చోట అంచు మీద సన్నని గీత మిగులుతుంది. ఆకురాయితో ఆ గీతను అరగదీస్తే ఈసారి ఆకురాయి గీతలు దొరుకుతాయి.

పోత నకలుకు ఇంకో బలహీనత ఉంది. మూసకు ఆధారమైన నాణెం మీది ప్రతి దెబ్బా, ప్రతి గీతా నకళ్లన్నిటి మీదకూ దిగుతుంది. ఒకే చోట ఒకే గాటు ఉన్న రెండు ‘పురాతన’ నాణేలు కనిపిస్తే వాటిలో ఒకటైనా నకలు, మామూలుగా రెండూ నకళ్లే. మన విద్ధాంక నాణేల విషయంలో ఈ పరీక్ష మరీ పదునైనది. మౌర్యుల నాటి వెండి కార్షాపణం 32 రత్తుల తూకం, మన లెక్కలో ముప్పై రెండు గురివింద గింజలు, దాదాపు 3.4 గ్రాములు. దాని మీద సూర్యుడు, ఆరు చేతుల చక్రం లాంటి అయిదు గుర్తులను విడివిడి పోటుముద్రలతో కొట్టేవారు. ఒక్కో పోటు ఒక్కో కోణంలో పడుతుంది, ఒకదాని మీదకు ఇంకొకటి ఎక్కుతుంది, సగం గుర్తు బిళ్ల బయటకు పోతుంది. చేతితో అయిదుసార్లు కొట్టిన రెండు బిళ్లలు అచ్చంగా ఒకేలా ఉండటం జరగదు. వెనక వైపు చిన్న చిన్న ముద్రలుంటాయి. అవి ఆ నాణేన్ని పరీక్షించిన వర్తకులు కొట్టినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒక్కొక్క లోతు, ఒక్కొక్క అరుగుదల. వందేళ్ల తేడాతో పడిన ముద్రలన్నీ ఒకే తాజాదనంతో మెరుస్తుంటే ఆ నాణెం ఆ వందేళ్లు బతకలేదన్నమాట.

నాణేలను పరీక్షించే ఉద్యోగం మన దేశంలో చాలా పాతది. అర్థశాస్త్రంలో రూపదర్శకుడని ఒక అధికారి ఉన్నాడు. చెలామణికీ ఖజానాకూ పనికొచ్చే నాణెం ఏదో తేల్చడం ఆయన పని. కూటనాణేలు చేసేవాణ్ణి పట్టుకునే విధానాన్ని కూడా ఆ గ్రంథం చర్చించింది. దొంగ నాణెం నాణెంతోనే పుట్టిందని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంతవరకూ చెప్పిన సూత్రాలను తలకిందులు చేసే చోటు హైదరాబాదుకు దగ్గరలోనే ఉంది. హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు, సంగారెడ్డి జిల్లా కొండాపూర్. అక్కడి కోటగడ్డ దిబ్బను 1940 నుంచి నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. శాతవాహన కాలపు నాణేలు వందలు వందలుగా బయటపడ్డాయి. వాటితో పాటు కాల్చిన మట్టి మూసలు కూడా దొరికాయి. నాణేలు పోత పోసే మూసలు! శిలాజ వృక్షాల పరిశోధనలో ప్రపంచ ఖ్యాతి పొందిన బీర్బల్ సాహ్ని ఈ మూసల మీద ఆసక్తి పెంచుకుని, ప్రాచీన భారతదేశంలో పోత నాణేల విధానం గురించి 1945లో ఒక పుస్తకమే ప్రచురించారు. రోహ్‌తక్‌లో దొరికిన యౌధేయుల మూసలతో పాటు కొండాపూర్ మూసలనూ అందులో పరిశీలించారు.

కొండాపూర్ మూసల్లో విద్ధాంక నాణేల మూసలున్నాయి. అంటే పోటు కొట్టి చేయాల్సిన నాణేలను ఆ రోజుల్లోనే ఇక్కడ ఎవరో పోత పోశారు. అది టంకశాల అధికారికంగా చేసిందా, దొంగచాటుగా జరిగిందా అన్నది వాదం. మనకు కావాల్సింది వేరు. అంచు మీద గీత ఉంది, గాలి బుడగ ఉంది, కాబట్టి నకిలీ అని తేల్చేసే సూత్రం కొండాపూర్ ముందు నిలవదు. శాతవాహనుల సీసపు నాణేల్లో, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేల్లో పోత పోసినవి నిజంగా ఉన్నాయి. పోత గుర్తు చూసి వాటిని అవతల పారేస్తే రెండు వేల ఏళ్ల నాణేన్ని పారేసినట్టే. ఏ నాణెం ఏ పద్ధతిలో తయారైందో తెలియకుండా ఏ పరీక్షా పనిచేయదు. ఇంటర్నెట్‌లో తిరిగే ‘నకిలీని గుర్తించే పది చిట్కాలు’ నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. చిట్కాకు దేశమూ కాలమూ తెలియవు.

కొండాపూర్‌లో ఇంకో రకం నకళ్లూ దొరికాయి. రోమన్ చక్రవర్తి తిబెరియస్ నాణేన్ని అనుకరించిన మట్టి బిళ్లలు. మెడలో వేసుకోవడానికి వీలుగా తయారైనవి. తెలంగాణకు రోమన్ వెండి వచ్చిందనడానికి నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన పదిహేను వందలకు పైబడిన దీనారాల నిధే సాక్ష్యం. ఆ కాలంలో భారతదేశంలోనే రోమన్ నాణేలను అనుకరించి వెండిలో, బంగారంలో చేసిన నాణేలున్నాయి. వాటి మీది లాటిన్ అక్షరాలు చూస్తే చెక్కిన కంసాలికి ఆ భాష రాదని ఇట్టే తెలుస్తుంది. అక్షరాల స్థానంలో వరసగా గీతలుంటాయి. రోమ్ లెక్క ప్రకారం అవి నకిలీలు. మన లెక్క ప్రకారం అవి అసలైన ప్రాచీన వస్తువులు. ఒక పల్లె కంసాలి రోమ్ చక్రవర్తి ముఖం చూసి తన చేత్తో దాన్ని మళ్లీ గీసుకున్న గుర్తు అది. నాకైతే అసలు రోమన్ దీనారం కంటే ఆ అనుకరణే ఎక్కువ విలువైనది.

కాబట్టి నకలు అన్నదంతా మోసం కాదు. మ్యూజియం దుకాణంలో అమ్మే ప్రతిరూపం ఒకటి, ఆ రోజుల్లోనే చేసిన అనుకరణ ఒకటి, నేటి మనిషిని ముంచడానికి చేసింది ఒకటి. బ్రిటిష్ మ్యూజియం కోసం పందొమ్మిదో శతాబ్దంలో రాబర్ట్ రెడీ చేసిన ప్రతిరూపాలు అసలుకు ఎంత దగ్గరగా ఉన్నా చాలా వాటి అంచు మీద ఆయన పేరు పొడి అక్షరాలు ఉంటాయి. నిజాయితీ అంటే అది. అదే శతాబ్దపు తొలినాళ్లలో జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ గ్రీకు, రోమన్ నాణేలకు స్వయంగా అచ్చుదిమ్మలు చెక్కి, సుత్తితో కొట్టి నకిలీలు తయారు చేశాడు. పోత గుర్తులేవీ ఉండవు. కొత్తదనం పోవడానికి వాటిని ఇనుప రజనున్న పెట్టెలో వేసి బండి కింద కట్టి ఊరూరా తిప్పేవాడని చెబుతారు. మన దగ్గర కిలుము కోసం నాణేలను ఆమ్లంలో ముంచడమో, పేడలో పాతిపెట్టడమో చేస్తారు. అసలు కిలుము లోహంలోంచి పెరుగుతుంది. గోటికి రాదు, ఎత్తుపల్లాల మీద ఒకే రంగులో ఉండదు. పూసిన కిలుము గుంటల్లో చేరి, గోరు వెచ్చని సబ్బు నీళ్లకే కరుగుతుంది. సీసమైతే వయసుతో పాటు తెల్లని గట్టి పెళుసు పొర కడుతుంది. 

ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం పెడితే చాలు కదా అంటారు. ఆ యంత్రం చూసేది పై పొరనే. రెండు వేల ఏళ్లు నేలలో ఉన్న వెండి నాణెం పై పొరలోంచి రాగి కరిగిపోయి వెండి శాతం ఎక్కువ కనిపిస్తుంది. చేతిలో యంత్రం ఉన్నవాడికి కూడా ఆ సంగతి తెలిసి ఉండాలి.

మోసగాడు తెచ్చిపెట్టుకోలేనిది ఒకటుంది. అది ఆ నాణెం దొరికిన మట్టి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల కంటే ముందు పాలించిన గోబద, నారన, కంవాయసిరి, సమగోప లాంటి రాజుల పేర్లున్న నాణేలు, శాతవాహన వంశకర్తగా భావించే చిముకుని నాణేలు దొరికాయి. వాటిని చదివి లోకానికి చెప్పిన వారిలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు. శాతవాహనుల పుట్టుక మహారాష్ట్రలోనా తెలంగాణలోనా అనే పాత వాదాన్ని ఈ చిన్న రాగి, సీసపు బిళ్లలు కదిలించాయి. ఒక్క గోబద నాణెం ఢిల్లీ వేలంలో కనిపించి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు, నమ్మకూడదు కూడా. అదే ఊళ్లో అదే దిబ్బ మీద, అదే కాలపు కుండపెంకుల మధ్య మళ్లీ మళ్లీ దొరకడం వల్లే అది చరిత్ర అయింది.

మొన్న 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ స్థలంలో తెలంగాణ పురావస్తు శాఖ తవ్వకాల్లో మట్టికుండ బయటపడింది. నేలకు రెండడుగుల లోతులో. అందులో 3,730 సీసపు నాణేలు, ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం. ఇక్ష్వాకుల కాలపువని నిర్ధారించారు. ఇన్ని నాణేలు ఒకే కుండలో దొరికితే బరువులో ఎంత హెచ్చుతగ్గు సహజమో, ఏనుగును ఎన్ని రకాలుగా చెక్కారో, సీసం ఆ మట్టిలో ఎలా మారుతుందో పరిశోధకులు కొలవగలరు. రేపు ఎక్కడో అలాంటి ఏనుగు నాణెం ఒకటి ఒంటరిగా కనిపిస్తే దాన్ని పోల్చడానికి ఈ కుండే కొలబద్ద. ఆ కుండను మొదట చూసినవాడు నాణేలు పంచేసుకుని ఉంటే ఆ కొలబద్ద మనకు ఉండేది కాదు. ఆ నాణేలు అసలువైనా విడివిడిగా అనుమానితులుగానే మిగిలిపోయేవి.

చెరువు పూడిక తీస్తుంటే దొరికింది, పునాది తవ్వుతుంటే దొరికింది అని అమ్మేవాళ్లు చెప్పే కథ వినగానే ఏ చెరువు, ఏ గట్టు పక్కన, ఎంత లోతున, ఇంకేం దొరికాయి అని అడగండి. కుండపెంకులు, పూసలు, బొగ్గు ఏమీ లేకుండా ఒక్క నాణెమే దొరికిందంటే నకిలీ కావచ్చు. నిజంగా దొరికిందే అయినా దాని చరిత్రను తవ్వినవాడే చెరిపేశాడు.

ఇంతకంటే మొరటు మోసాలూ ఉన్నాయి. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో, వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1616, 1717, 1818 లాంటి తేదీలున్న రాగి బిళ్లలు. కంపెనీ అలాంటి నాణెమేదీ వేయలేదు. దేవుడి బొమ్మ ఉన్నంత మాత్రాన నకిలీ అని కూడా అనకూడదు. మద్రాసులో కంపెనీ వేసిన పగోడాల మీద విష్ణువు ఉన్నాడు. అరవీటి తిరుమలరాయల బంగారు వరహా మీద సీతారాములు కొలువై, లక్ష్మణుడు నిలబడి ఉంటాడు. తేడా లోహంలో, లిపిలో, తేదీలో ఉంది. ఆ రాగి బిళ్లకు మహిమలున్నాయని, బియ్యాన్ని లాగుతుందని చెప్పి లక్షలు గుంజే ‘రైస్ పుల్లింగ్’ ముఠాలను మన రెండు రాష్ట్రాల పోలీసులూ పదేపదే పట్టుకుంటూనే ఉన్నారు. ఏ నాణెమూ బియ్యాన్ని లాగదు. ఆ మాటలు నమ్మి ఆస్తులు అమ్ముకున్న కుటుంబాలను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. 2008లో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయంలో ఈ అసలు నకిలీల వ్యవహారం తిరగబడుతుంది. బజారులో అమ్మేవాడు నకలును అసలని ఒప్పించాలని చూస్తాడు. అమెరికాలో ఉన్న మనవడికి శాతవాహన నాణెపు ప్రతిరూపాన్ని పట్టుకెళ్లే తాతయ్యకు అది నకలేనని కస్టమ్స్ ముందు రుజువు చేయాల్సిన పరిస్థితి రావచ్చు. అనుమానం ఉన్న వస్తువుకు భారత పురావస్తు సర్వేక్షణ నుంచి అది పురావస్తువు కాదనే ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. ప్రతిరూపం కొన్నప్పుడు రసీదు దాచుకుంటే ఆ పని సులువవుతుంది.

కన్ను కుదరాలంటే నిజమైనవి చూడాలి. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో శాతవాహనుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా నాణేలున్నాయి. 2022లో తెరిచిన సైఫాబాద్ టంకశాల మ్యూజియంలో హాలీ సిక్కా తయారైన యంత్రాలే చూడవచ్చు. కొండాపూర్ తవ్వకాల చోట మ్యూజియం ఉంది. భూతద్దం పట్టుకుని ఒక్కో నాణెం అంచును, అక్షరం గోడను, అరిగిన చోటును తీరిగ్గా చూసిన కన్ను బజారులో తేడా పసిగడుతుంది.

శంషాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు రోజూ ఏదో ఒక చోట పునాదులు తీస్తూనే ఉన్నారు. మీ పొలంలోనో, కడుతున్న ఇంట్లోనో పాత నాణెం కనబడితే చింతపండుతో తోమకండి. బ్రాసో కూడా వద్దు. అది ఉన్న చోటనే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. లోతు కొలిచి రాసుకోండి. చుట్టుపక్కల పెంకులుంటే కదపకుండా వదిలేయండి. తహసీల్దారు ద్వారా కలెక్టరుకు గానీ, పురావస్తు శాఖకు గానీ కబురు చేయండి. పనిచేసే కూలీలకు కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే గడ్డపార తగిలే మొదటి చేయి వాళ్లదే.